గది నంబరు చెప్పండి: గోదావరి డెల్టా ప్రిన్సిపాళ్ళకు, విద్యాధికారులకు, వార్డెన్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

డిసెంబరు 1 వచ్చిందంటే అమలాపురం, భీమవరం, తణుకు, కాకినాడ సెంటర్లలో మీ పిల్లలు చొక్కాకి ఎర్ర రిబ్బను గుచ్చుకుని ర్యాలీ తీస్తారు. నినాదాలు, మానవహారం, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. ఆ వరసలోంచి ఎవర్నయినా ఆపి ఎయిడ్స్ అంటే తెలుసా అని అడగండి. "ఆయ్, తెలుసండి" అంటారు. సిఫిలిస్? పదో తరగతి సైన్సు పుస్తకంలో చదివిన పేరులా ఉందంటారు. గనేరియా? అదీ అంతే. క్లమీడియా? ఏదో పువ్వు పేరనుకుంటారు. సరే, మూత్రంలో మంట మొదలైతే ఎన్నో రోజున, ఏ ఊరి ఆసుపత్రిలో, ఏ గదికి వెళ్ళాలి? దానికి "ఆయ్" కూడా రాదు.

డెల్టాలో సుఖవ్యాధుల క్లినిక్‌లలో, ల్యాబుల్లో, కౌన్సెలింగ్ గదుల్లో పనిచేసేవాళ్ళం కొందరం కలిసి రాస్తున్న లేఖ ఇది. పిల్లలకి చెప్పాల్సినదానికన్నా మనం ఎక్కువే భయపెట్టాం. భయపడ్డ పిల్లలు ఆగిపోవడం లేదు, ఆలస్యంగా వస్తున్నారు. ఈ జబ్బుల్లో చాలావాటికి మొదటి వారంలో వస్తే ఒక పూట మందు చాలు. అందుకే రోజుల లెక్కా, వెళ్ళాల్సిన చోటూ చెప్పించమని అడుగుతున్నాం.

ఎయిడ్స్ మీద అంత డప్పు కొట్టినా దాని సంగతే అంతంతమాత్రం. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే హెచ్‌ఐవీ గురించి సమగ్ర అవగాహన ఎంతమందికి ఉందో లెక్క తీసింది. ఎలా రాకుండా చూసుకోవాలో తెలియాలి, ఆరోగ్యంగా కనిపించే మనిషికీ ఉండొచ్చని తెలియాలి, పేరుపడ్డ అపోహలు రెండింటిని కాదనగలగాలి. అన్నీ కుదిరితేనే తెలిసినట్టు. దేశం మొత్తమ్మీద 15–49 ఏళ్ళ స్త్రీలలో 21.6 శాతం, పురుషుల్లో 30.7 శాతం మందే ఆ గీత దాటారు. 2021 అంచనాల్లో పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ దేశ సగటు 0.21 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో 0.67. 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని 2000ల తొలి ఏళ్ళలో గోడగోడనా అడిగిన రాష్ట్రం మనది. ఆ బోర్డులు చూసి నవ్వుకున్నవాళ్ళు ఇప్పుడు మీ పిల్లల అమ్మానాన్నలు. వాళ్ళకీ గుర్తున్నది పేరే.

ఇక అవగాహన సదస్సు. వచ్చినాయన ప్రొజెక్టరు మీద ముక్కు కరిగిన మొహాలు, ఒళ్ళంతా పుళ్ళు పడ్డ మనుషులు, ఎముకల గూళ్ళు చూపిస్తాడు. ముందు బెంచీలు కళ్ళు మూసుకుంటాయి, వెనక బెంచీలు కిసుక్కుమంటాయి. కార్యక్రమం విజయవంతమని రిజిస్టర్లో రాసుకుంటారు. ఆ ఫొటోలు ఏళ్ళ తరబడి మందు పడని జబ్బువి. మొదట్లో ఏ సుఖవ్యాధీ అలా ఉండదు. తనకొచ్చిన చిన్న కురుపుని ఆ ఫొటోతో పోల్చుకుని "అబ్బే, ఇది అది కాదు" అని ఊపిరి పీల్చుకుంటాడు పిల్లాడు. దాచుకోవడం, చూద్దాంలే అనుకోవడం అక్కడే మొదలవుతుంది. దయచేసి ఆ ఫొటోలు ఆపించండి.

సిఫిలిస్ మొదట ఎలా ఉంటుందో చెబుతాం. మన ముసలివాళ్ళు సవాయి అనేది దీన్నే. సంబంధం జరిగిన 9 నుంచి 90 రోజుల మధ్య, ఎక్కువమందికి మూడు వారాలకి, సాధారణంగా ఒకే ఒక్క పుండు లేస్తుంది. చొక్కా గుండీ అంత ఉంటుంది. గ్లౌజు వేసుకుని వేళ్ళ మధ్య పట్టుకుంటే చర్మం కింద గుండీ పెట్టి కుట్టినట్టు అంచు గట్టిగా తగులుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, చీము కారదు. గజ్జల్లో బిళ్ళలు కట్టినా అవీ నొప్పెట్టవు. జీన్స్ జిప్పు గీసుకుందిలే అనుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఆడపిల్లకైతే లోపలెక్కడో ఉండి కనపడకపోవచ్చు. మందు వేయకపోయినా 3 నుంచి 6 వారాల్లో దానంతట అదే మానిపోతుంది. మోసం చేసేది ఈ మానడమే. కొన్ని వారాలు గడిచాక అరచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని ఎర్రటి మచ్చలు, ఒక్కోసారి జుట్టు పేలికలుగా ఊడటం. అదీ తగ్గిపోతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి లోపల నక్కి ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న అమ్మాయికి పెళ్ళయి కడుపొస్తే బిడ్డ కడుపులోనే పోవచ్చు, లేదా జబ్బుతో పుట్టొచ్చు.

పెళ్ళికాని పిల్లలకి ఇవన్నీ ఎందుకండీ అని ప్రతి స్టాఫ్ రూములోనూ ఒకరు అడుగుతారు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మంది 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు. మీ ఇంటర్ హాజరుపట్టీలో ఇప్పుడున్న పేర్లే రేపు అందులో చేరతాయి. మెడలో తాళి పడితే సూక్ష్మజీవి గుమ్మం దగ్గర ఆగిపోదు.

గనేరియా సంగతి వేరు, అది తొందరపడే జబ్బు. 2 నుంచి 7 రోజుల్లో మగపిల్లాడికి మూత్రం పోసేటప్పుడు మంట, లోపలి బట్ట మీద పసుప్పచ్చ చీము మరక. ఊళ్ళో సెగ అంటారు. క్లమీడియా 1 నుంచి 3 వారాలు తీసుకుంటుంది. చీము పలచగా, పొద్దున్న ఒక చుక్కలా ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఆడపిల్లల్లో క్లమీడియా చాలావరకు చప్పుడు చేయదు, గనేరియా కూడా సగం వేళల్లో అంతే. గర్భాశయం, నాళాల దాకా పాకాక పొత్తికడుపు నొప్పితో బయటపడుతుంది. ఆ నాళాలు అతుక్కుపోతే పిల్లలు పుట్టకపోవడం, గర్భం నాళంలోనే నిలవడం. కాబట్టి అబ్బాయికి చీము కనపడితే అమ్మాయికి ఏమీ లేకపోయినా ఇద్దరికీ మందు పడాలి. ఒకరే వేసుకుంటే మళ్ళీ అంటుకుంటుంది. మందు వేసుకున్నాక ఇద్దరూ 7 రోజులు దూరంగా ఉండాలి.

ఇక్కడ మన ప్రాంతపు అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. మంట అనగానే "వేడి చేసింది" అంటాం. బోండం నీళ్ళు, బార్లీ, సబ్జా, మజ్జిగ. కోనసీమలో బోండానికి కొదవేముంది. నీళ్ళు ఎక్కువ పడితే మూత్రం పలచబడి మంట ఒకటి రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, సూక్ష్మజీవి మాత్రం కదలదు. నాలుగో రోజుకి మందుల షాపు. అక్కడ సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రల పట్టీ ఒకటి, రెండు రోజులకి. మన దేశంలో గనేరియా ఆ మందుకి లొంగడం మానేసి చాలా ఏళ్ళయింది. తర్వాత ఆర్‌ఎంపీ దగ్గర ఏదో ఒక సూది. చీము తగ్గుతుంది, జబ్బు మిగులుతుంది. క్లినిక్ గుమ్మం తొక్కేసరికి మూడు వారాలు. ఇంతలో వృషణం వాచినవాళ్ళూ ఉంటారు.

ప్రభుత్వాసుపత్రిలో దీనికి ఉచితంగా దొరికేది ఏమిటో మీ లెక్చరర్లకైనా తెలియాలి. జాతీయ కార్యక్రమంలో ఏళ్ళుగా రంగుల పెట్టెల పద్ధతి నడుస్తోంది. చీముకి బూడిదరంగు పెట్టె: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, మా ఎదుటే ఒకేసారి మింగాలి. తెల్లబట్టకి ఆకుపచ్చ పెట్టె, నీటిపొక్కుల హెర్పిస్‌కి ఎర్ర పెట్టె, పొత్తికడుపు నొప్పికి పసుపు పెట్టె. వేరే పెట్టెలూ ఉన్నాయి. ఈ కొలతలు షాపులో కొనుక్కోమని చెప్పడం లేదు. ఏ పెట్టె ఎవరికన్నది పరీక్ష చేసి తేల్చాలి, పుండుకి చీము మందు వేస్తే పుండు మారువేషం వేస్తుంది. చిన్న సంగతులే కొంప ముంచుతాయి. ఈ జబ్బులకే ఇచ్చే డాక్సీసైక్లిన్ వాడేవాళ్ళు బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర, పాలు, గ్యాస్ మాత్ర దానితోపాటు మింగితే మందు ఒంటికి పట్టదు, మధ్యలో రెండు మూడు గంటలు ఎడం ఉండాలి. గ్లాసుడు నీళ్ళతో మింగి అరగంట నడుం వాల్చకూడదు, అన్నవాహిక పుండు పడుతుంది. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్ళూ, ఆపాక ఇంకో రెండు మూడు రోజులూ కల్లూ సారాయీ ముట్టొద్దంటాం. పిల్లలకి కల్లేంటండీ అనకండి, తాడి తోపులు ఎక్కడ లేవు?

సిఫిలిస్ పరీక్ష అంటే పిల్లలు ఏదో పెద్ద మిషను ఊహించుకుంటారు. దానికి చేసే ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్ష అంటే ఒక తెల్లని అట్ట. దాని మీద 18 మిల్లీమీటర్ల వలయాలు. మోచేతి మడత దగ్గర కాసింత రక్తం తీసి, గిర్రున తిప్పి, పైకి తేలిన పలచని నీరు (సీరం) 50 మైక్రోలీటర్లు ఒక వలయంలో పరుస్తారు. సన్నని బొగ్గురేణువులు కలిపిన మందు చుక్క వేసి, నిమిషానికి 100 చుట్లు తిరిగే పళ్ళెం మీద 8 నిమిషాలు పెడతారు. వలయమంతా ఒకే బూడిదరంగుగా ఉంటే లేనట్టు. కాటుక విరిగినట్టు నల్లటి రవ్వలు చేరితే ఉన్నట్టు. టీ తాగినంత సేపు. వేరే కారణాల వల్లా ఒక్కోసారి రవ్వలు చేరతాయి కాబట్టి రెండో పరీక్షతో ఖాయం చేసుకుంటారు. పుండు లేచిన మొదటి రోజుల్లో రక్తం పరీక్షలో ఏమీ రాకపోవచ్చు, 1 నుంచి 4 వారాలు పడుతుంది. "పరీక్షలో లేదన్నారు" అని ఆ కాగితం పట్టుకుని ఊరుకోవద్దని, చెప్పిన తేదీకి మళ్ళీ రావాలని చెప్పించండి.

వైద్యం బెంజతిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, చెరో పిరుదుకి 12 లక్షలు. తొలిదశలో అయితే అదొక్కసారే. ఎప్పటిదో తెలియని పాతదైతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. మందు గంజిలా చిక్కగా ఉంటుంది, లావు సూదితో మెల్లగా ఎక్కించాలి, నొప్పెడుతుంది. వేశాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. ఆ రాత్రికి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు రావొచ్చు. చచ్చిన సూక్ష్మజీవుల వల్ల వచ్చే జ్వరం అది, ఒక రోజులో పోతుంది. "సూది పడలేదురా" అని హాస్టల్లో పుకారు లేచేది ఇక్కడే. వార్డెన్లకి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, రెండో సూది మానేసేవాళ్ళు తగ్గుతారు. ఆ తర్వాత 6 నెలలకీ ఏడాదికీ రక్తం పరీక్ష. సీరాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా రవ్వలు చేరుతున్నాయో చెప్పే లెక్క మొదట 1:32 ఉండి 1:8కి దిగితే మందు పనిచేసినట్టు.

హెచ్‌ఐవీకి లెక్క గంటల్లో మొదలవుతుంది. బలాత్కారం జరిగినా, ఇంకేదైనా అనుమానం ఉన్నా 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్తే 28 రోజుల నివారణ మందు మొదలుపెట్టొచ్చు. మూడు రోజులు దాటితే ఆ తలుపు మూసుకుంటుంది. వెంటనే చేసిన పరీక్షలో ఏమీ తేలదు, మూడు నెలలకి మళ్ళీ చేయించుకోవాలి. వ్యాధి ఉందని తేలినా రోజూ మాత్ర వేసుకుంటూ మామూలు జీవితం గడపొచ్చు, చదువుకోవచ్చు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, బడిలో వేరుగా కూర్చోబెట్టకూడదు. ప్రిన్సిపాళ్ళు ఇది చదివే ఉంటారనుకుంటాం.

ఎన్ని చెప్పినా, భయపడి వచ్చే పిల్లల్లో చాలామందికి సుఖవ్యాధి ఉండదు. ఇది ఆడపిల్లలకి, మగపిల్లలకి ఇద్దరికీ విడమరిచి చెప్పాలి. వానాకాలం మన తేమలో ఆరని జీన్స్, వరిచేలో బురద, రొయ్యల చెరువుల్లో తడిబట్టలతో పని. తొడల సందుల్లో గుండ్రంగా అంచులు లేచి దురద పెడితే అది తామర. షాపువాళ్ళు మూడు మందులు కలిపిన ట్యూబు ఇస్తారు, అందులో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గి, ఆపగానే రెట్టింపై, చర్మం చారలు పడుతుంది. హాస్టల్లో వేళ్ళ సందుల్లో, బొడ్డు చుట్టూ, మర్మాంగం మీద రాత్రిపూట దురద ఎక్కువైతే గజ్జి. పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి పాదాల దాకా రాసి రాత్రంతా ఉంచాలి, వారం తర్వాత ఇంకోసారి. గది మొత్తానికీ ఒకే రాత్రి రాయకపోతే డబ్బు దండగ. అంగం తల అంచున వరసగా చిన్న చిన్న ముత్యాల్లాంటివి ఉంటే అవి ఈడొచ్చాక కొందరికి వచ్చే మామూలు చర్మమే, జబ్బు కాదు. వాటిని బ్లేడుతో గీకినవాళ్ళూ ఉంటారు.

ఆడపిల్లలకి తెల్లబట్ట అన్నది ఒక్క మాటే, కానీ అందులో నాలుగు రకాలు. నెలసరికి నెలసరికి మధ్య గుడ్డు తెల్లసొనలా సాగేది ఆరోగ్యం, దానికి మందు వద్దు. పెరుగు విరిగినట్టు, దురదతో వస్తే బూజు లాంటి ఇన్ఫెక్షన్, సంబంధం లేకుండానూ వస్తుంది. పలచగా, బూడిదరంగుగా, చేపల నీచు వాసన వస్తే లోపలి మంచి సూక్ష్మజీవులు తగ్గాయని. పసుపుపచ్చగా నురుగులా, మంటతో వస్తే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి, దానికి ఇద్దరికీ మందు పడాలి. సబ్బుతో, డెటాల్‌తో లోపల కడిగితే ఉన్న రక్షణ పోయి మరీ పెరుగుతుంది. ఈ పేరా ఒక్కటి ఆడపిల్లల హాస్టల్లో చదివించండి.

కాలువలో స్నానం, ఒకే మరుగుదొడ్డి, ఒకే కంచం, దోమ: వీటి వల్ల సిఫిలిస్, గనేరియా, హెచ్‌ఐవీ రావు.

కండోమ్ గురించి పాఠమంటే అరటిపండు, నవ్వులు అని భయపడతారు. అరటిపండు వద్దు, తప్పులు చెబితే చాలు. పర్సులో పెట్టి వెనక జేబులో నెలల తరబడి తిప్పితే వేడికి, రాపిడికి రబ్బరు పాడవుతుంది. పళ్ళతో చించితే చిల్లు పడుతుంది. కొనని వేళ్ళతో నొక్కి గాలి తీయకపోతే చిట్లుతుంది. రెండు కలిపి వేసుకుంటే ఒకదానికొకటి రాసుకుని రెండూ చిరుగుతాయి. కోనసీమవాళ్ళకి ముఖ్యమైనది: కొబ్బరినూనె. లేటెక్స్ మీద నూనె పడితే నిమిషాల్లో బలం పోతుంది. వంటనూనె, వెన్న, వాజ్‌లిన్ కూడా అంతే. నూనె లేని, నీటితో చేసిన జెల్ పనికొస్తుంది. ఇవన్నీ సరిగా చేసినా అది కప్పని చోట ఉన్న పుండు నుంచి సిఫిలిస్, హెర్పిస్, పులిపిర్లు రావొచ్చని కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధమవుతుంది. ఇంకో అపోహ: మర్నాడు వేసుకునే మాత్ర గర్భానికే, జబ్బుకి కాదు. ఆ మాత్ర వేసుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళే ఎక్కువ.

చట్టం సంగతి దాచొద్దు. 18 నిండని పిల్లలతో లైంగిక సంబంధం, ఇష్టపూర్వకమైనా సరే, 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పాలని 19వ సెక్షన్, చెప్పకపోతే 6 నెలల దాకా జైలని 21వ సెక్షన్. మాకూ వర్తిస్తుంది, మీకూ వర్తిస్తుంది. "ఏం చెప్పినా రహస్యంగా ఉంటుంది" అని పిల్లలకి మాటిచ్చి తర్వాత పోలీసుని పిలిస్తే ఆ ఊరి నుంచి ఇంకో పిల్ల ఈ గుమ్మం తొక్కదు. కాబట్టి క్లాసులో ముందే చెప్పించండి. అదే నోటితో, వైద్యం ఆపడానికి వీల్లేదని, 2020 పోక్సో నిబంధనల ప్రకారం అత్యవసర వైద్యానికి ఏ కాగితమూ ముందు అడగకూడదని కూడా చెప్పించండి. మైనరు గర్భస్రావం విషయంలో పోలీసుకిచ్చే సమాచారంలో అమ్మాయి గుర్తింపు ఇవ్వక్కర్లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. సందేహం అడగడం నేరం కాదు. "నాకు" అనకుండా "ఒకరికి ఇలా ఉంటే" అని అడిగే వీలు పిల్లలకి కల్పించండి. 1097 హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల సలహాకి ఉచిత ఫోను. బలవంతం, వేధింపు అయితే 1098.

క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మాట వస్తే తల్లిదండ్రుల ముఖాలు మారతాయి, దానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ప్రయోగాత్మకంగా ఆ టీకా వేసినప్పుడు చాలామంది హాస్టల్ పిల్లలకి తల్లిదండ్రులకి బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకి టీకా కారణమని తేలలేదు, సమ్మతి తీసుకున్న తీరు మాత్రం తప్పని తేలింది. ఆ తప్పు నీడ ఇప్పటికీ ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ఎప్పుడూ సంబంధం ద్వారా అంటుకునే హెచ్‌పీవీ అనే ఈ వైరస్సే మూలం. టీకా 9–14 ఏళ్ళలో బాగా పనిచేస్తుంది, రెండు డోసులు ఆరు నెలల ఎడంతో. ఒక్క డోసైనా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. 15 దాటి మొదలుపెడితే మూడు. వేయించమని మా సలహా. వార్డెన్ సంతకంతో మాత్రం వద్దు. అమ్మానాన్నల్ని పిలిపించి, తెలుగులో కాగితం చదివి వినిపించి, ఇంటికి పంపించి, మర్నాడు సంతకం తీసుకోండి. ఒక రాత్రి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వండి.

బస్టాండు గోడల మీద, రైల్వే గేట్ల దగ్గర, కరెంటు స్తంభాల మీద "సుఖవ్యాధులు, నరాల బలహీనత, గ్యారంటీ" అని ఫోన్ నంబరుతో ఉండే రాతలు మీరూ చూస్తారు. 1954 నాటి మంత్ర ఔషధాల ప్రకటనల చట్టం కింద సుఖవ్యాధులకి అలా మందు ప్రకటించడమే నిషేధం, సిఫిలిస్, గనేరియా పేర్లు దాని జాబితాలో ఉన్నాయి. కాలేజీ గోడ మీదున్నవి ముందు మీరు సున్నం కొట్టించండి, మిగతావి మున్సిపాలిటీకి, పంచాయతీకి రాయండి. ఒక రకంగా ఆ గోడరాత మనకన్నా తెలివైనది. అది చిరునామా ఇస్తుంది. ఆ పని మన పోస్టరు ఎందుకు చేయదు?

కాబట్టి మొదటి పని, మీకు దగ్గర్లో ఉన్న జిల్లా లేదా బోధనాసుపత్రికి ఒక మనిషిని పంపి సుఖవ్యాధులకి చూసే సురక్ష క్లినిక్ ఎక్కడుందో, హెచ్‌ఐవీ సలహా, పరీక్ష జరిగే ఐసీటీసీ గది ఏదో, ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో, ఏ వేళల్లో ఉంటారో, ఆడ కౌన్సెలర్ ఉన్నారో లేదో కనుక్కోండి. అది పెద్ద అక్షరాల్లో రాసి మరుగుదొడ్డి తలుపు లోపలివైపు అతికించండి. నోటీసు బోర్డు మీద వద్దు, అక్కడ ఆగి చదివితే పక్కవాడు చూస్తాడు. పక్క ఊరి ఆసుపత్రి నంబరు కూడా రాయండి. రాజోలు పిల్ల అమలాపురంలో చూపించుకుంటే ఓపీ వరసలో మేనత్త తగులుతుంది, కాకినాడ వెళ్ళే స్వేచ్ఛ తనకుందని తెలియాలి. ఫలానా ఊరివాళ్ళు ఫలానా చోటికే రావాలన్న నియమం లేదు.

రెండోది పీరియడ్. బైపీసీ వాళ్ళకి రెండో ఏడు జీవశాస్త్రంలో ఈ పాఠం ఉంది, అది కూడా "ఇంట్లో చదువుకోండి" పాఠం. ఎంపీసీ, సీఈసీ వాళ్ళకి అదీ లేదు. అందుకని అందరికీ కలిపి 45 నిమిషాలు. బడుల్లో అయితే 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమంలోని 11 అంశాల్లో ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ ఒకటి, దానికి ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. కొత్తగా ఎవర్నీ అనుమతి అడగక్కర్లేదు. ముందు రోజు ఒకే కొలత చీటీలు అందరికీ పంచండి. ప్రశ్న ఉన్నవాళ్ళు ప్రశ్న, లేనివాళ్ళు తమకిష్టమైన కూర పేరు రాసి, అందరూ మడిచి డబ్బాలో వేయాలి. ఖాళీ చీటీ ఒప్పుకోకూడదు. లేకపోతే రాస్తున్నవాడెవడో క్లాసంతా చూస్తుంది. డబ్బా తెరిచేది క్లాసు టీచరు కాకూడదు, చేతిరాత గుర్తుపడతారు. చదివాక అక్కడే చింపేయాలి. సగం చీటీల్లో గోంగూర, రొయ్యల ఇగురు ఉంటాయి, ఫర్వాలేదు. ఒక చీటీలో బలవంతం వాసన తగిలితే ఎవరిదని వెతకొద్దు, 1098 నంబరు క్లాసంతటికీ రెండుసార్లు చెప్పండి.

అబ్బాయిల్ని బయటికి పంపి అమ్మాయిలకి, అమ్మాయిల్ని పంపి అబ్బాయిలకి చెబితే, అవతలివాళ్ళకి ఏం చెప్పారో అన్న ఊహలు మిగులుతాయి. పాఠం కలిపి చెప్పండి, ప్రశ్నల డబ్బాలు విడివిడిగా పెట్టండి. బోర్డు మీద జబ్బుల పేర్లు వద్దు, రోజులు రాయించండి: 3, 7, 21, 90. మూడు రోజుల్లోపు నివారణ మందు. వారంలో చీము, మంట. మూడు వారాలకి నొప్పి లేని పుండు. మూడు నెలలకి మళ్ళీ పరీక్ష. ఫోనులో ఎక్కువ చదివిన పిల్లాడు ఈ అంకెల్ని ప్రశ్నిస్తాడు, ప్రశ్నించనివ్వండి.

మమ్మల్ని పిలిస్తే వస్తాం. ఎక్కడికైనా ఒక రోజు ముందు చెప్పండి చాలు. శాలువా, పూలగుత్తి, మైకు వద్దు. తలుపు వేసుకునే వీలున్న గది కావాలి, ఫొటోగ్రాఫరు రాకూడదు. పీరియడ్ మొదటిదో రెండోదో అయితే మంచిది. చివరి పీరియడ్ మాత్రం ఇవ్వకండి. గంట కొట్టగానే అందరూ బస్సుకి పరిగెడతారు. ఒక్క ప్రశ్న అడగాలని చివరిదాకా ఆగిన పిల్ల కూడా ఆ బస్సుకే పరిగెడుతుంది.

ఇట్లు,
గోదావరి డెల్టా సుఖవ్యాధుల క్లినిక్‌లు, ల్యాబులు, కౌన్సెలింగ్ గదుల్లో పనిచేసే కొందరం